గడువు తీరిన ఫోటో పేపర్‌ను తూకానికి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

దసరాకు ఇళ్లూ దుకాణాలూ దులిపే రోజులు వచ్చాయి. హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు పాత ఫోటో స్టూడియోల అటకల మీద బ్రోమైడ్ పేపర్, అంటే బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు అచ్చు వేసే కాగితం, పెట్టెలు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. ఊటీలో తయారైన ఇందు పేపర్, ఆగ్ఫా, కొడాక్, ఇల్‌ఫోర్డ్, పక్కన అరిగిపోయిన ట్రేలు, ఒక ఎర్ర బుగ్గ (బల్బు). పెట్టె మీద గడువు తేదీ చూడగానే యజమాని దాన్ని చెత్త కింద లెక్కేస్తాడు. తర్వాత అది పాత సామాన్ల బండి మీదికి తూకానికి పోతుంది, లేదంటే వెండి తీస్తామని వచ్చినవాళ్ల చేతికి పోతుంది. రెండూ నష్టపు బేరాలే. ఆ పేపర్ మీద ఇక పెళ్లి ఫోటో రాదన్నది నిజం. కెమెరా లేకుండా, నెగెటివ్ లేకుండా, చాలావరకు చీకటి గది కూడా లేకుండా ఆ పేపర్ మీద అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు, అంటే ఏ వస్తువునూ పోల్చని రూపాలు, చేయవచ్చన్నది కూడా నిజమే. ఆ పద్ధతులు కొలతలతో సహా చెప్పడానికే ఈ ఉత్తరం. పొడవైనందుకు మన్నించాలి. సగం చెప్పి వదిలితే పేపర్ పాడవుతుంది, చేతులూ పాడవుతాయి.

ముందు వెండి సంగతి. బ్లాక్ అండ్ వైట్ పేపర్‌లో చదరపు మీటరుకు వెండి ఒకటి రెండు గ్రాములకు మించదు. 8×10 అంగుళాల షీట్లు 100 ఉన్న పెట్టె మొత్తం పరిస్తే అయిదు చదరపు మీటర్లు. అంటే పెట్టె అంతా కాల్చినా పది గ్రాములు రావడం కష్టం. పైగా ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కాలిస్తే వచ్చే పొగ మంచిది కాదు. ఆ కాస్త వెండికి వంద బొమ్మలను బూడిద చేయడం ఏం లెక్క?

గడువు తీరడమంటే పేపర్ చచ్చిపోవడం కాదు. జిలేటిన్ పొరలో ఉన్న సిల్వర్ హాలైడ్ రేణువుల్లో కొన్ని వేడికి, తేమకు, ఏళ్ల తరబడి గాలికి తమంతట తామే డెవలప్ అయ్యే స్థితికి వచ్చేస్తాయి. డెవలపర్‌కు, అంటే బొమ్మను బయటికి తెచ్చే ద్రావణానికి, వెలుతురు తగిలిన రేణువుకూ ముదిరిపోయిన రేణువుకూ తేడా తెలియదు. రెండింటినీ నల్లగా చేసేస్తుంది. డార్క్‌రూమ్ భాషలో పేపర్ ఫాగ్ అయిందంటే ఇదే. గాలి, తేమ పక్కల నుంచే చొరబడతాయి కాబట్టి ఫాగ్ ముందు అంచులకు వస్తుంది, నడుమకు తర్వాత వస్తుంది. మన దగ్గర రేకుల కప్పు కింద, మే నెలలో 45 డిగ్రీల ఎండకు ఉడికిన పెట్టె మూడేళ్లలోనే పాడవచ్చు. ఇనుప బీరువాలో చల్లగా దాచిన పెట్టె ముప్పై ఏళ్లయినా బాగుండవచ్చు. అందుకే తేదీని నమ్మకండి, పరీక్షను నమ్మండి.

ఆ పరీక్షకు మాత్రం చీకటి గది కావాలి. రాత్రిపూట కిటికీ మూసిన స్నానాల గది చాలు. ఎర్ర బుగ్గ వెలుతురులో ఒక షీటు తీసి, అంచు కూడా కలిసి వచ్చేలా రెండు పట్టీలు కత్తిరించండి. మొదటి పట్టీని డెవలపర్ జోలికి పోకుండా నేరుగా హైపోలో, అంటే నలుపెక్కని వెండి లవణాన్ని కరిగించి బొమ్మను నిలిపే (ఫిక్స్ చేసే) సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో, వేయండి. పేపర్ అసలు తెలుపు అదే. రెండోదాన్ని వెలుతురు చూపించకుండా డెవలపర్‌లో 90 సెకన్లు ఉంచి, తర్వాత హైపోలో వేయండి. రెండూ కడిగాక పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. రెండూ ఒకే తెలుపులో ఉంటే పెట్టె బంగారం. దాన్ని ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి అచ్చు వేసే యంత్రం) ఉన్నవాళ్లకు ఇవ్వండి, లేదా ఫోటోగ్రామ్‌లకు, అంటే వస్తువులను పేపర్ మీదే పెట్టి నీడతో తీసే బొమ్మలకు, దాచండి. రెండోది లేత బూడిద రంగులో ఉంటే లీటరు డెవలపర్‌లో ఫాగ్‌ను అణచే బెంజోట్రయజోల్ 1 శాతం ద్రావణం 10 నుంచి 20 మిల్లీలీటర్లు కలిపి మళ్లీ చూడండి, ఫాగ్ కొంత వెనక్కి తగ్గుతుంది. బొగ్గులా వస్తే బెంగ వద్దు. కింద చెప్పబోయే రెండు పద్ధతుల్లో ఫాగ్‌తో పనే లేదు, ఎందుకంటే ఆ రెండూ పట్టపగలే చేసేవి.

ఇంకో చిన్న పరీక్ష చాలామందికి తెలియదు. కొన్ని ఆర్‌సీ పేపర్లలో, అంటే ప్లాస్టిక్ పూత ఉన్నవాటిలో, తయారీలోనే ఎమల్షన్‌లో (వెండి లవణం ఉన్న జిలేటిన్ పొరలో) డెవలపర్ కలిపేవారు. ఎండ చూపించిన ముక్క మీద సోడా యాష్ కలిపిన నీళ్లు ఒక చుక్క వేయండి. ఆ చుక్క కింద చకచకా నలుపెక్కితే అలాంటి పేపరే. అది చెడ్డదేం కాదు, కానీ దాని మీద బూడిద, సబ్బు నీళ్లు, సున్నం లాంటి క్షారం ఏది పడినా మరక పడుతుంది. ముందే తెలిస్తే దాన్నే బొమ్మకు వాడుకోవచ్చు.

ఇక మొదటి పద్ధతి. దీన్ని లూమెన్ ప్రింట్ అంటారు. ఎండకు పెట్టడమే పని. డెవలపర్ అక్కర్లేదు, హైపో ఒక్కటి చాలు. ఇంగ్లండ్‌లో ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన టాల్బట్ 1834లో మొదలుపెట్టి ఉప్పు, వెండి లవణం పూసిన కాగితం మీద ఆకులు పరిచి చేసింది దాదాపు ఇదే. హైపో గుణాన్ని శాస్త్రవేత్త హెర్షెల్ 1819లోనే కనిపెట్టినా, ఆ బొమ్మలను నిలపడానికి అది పనికొస్తుందని తేలింది 1839లో. మనం చేయాల్సింది అంతకంటే సులువు, పూత పని ఫ్యాక్టరీ ఎప్పుడో చేసి పెట్టింది.

ఫోటో ఫ్రేములు కట్టే దుకాణంలో 4 మిల్లీమీటర్ల అద్దం ముక్క ఒకటి, అదే కొలతకు ప్లైవుడ్ ముక్క ఒకటి, నాలుగు గట్టి క్లిప్పులు తెచ్చుకోండి. నీడలో పేపర్ తీసి, ఎమల్షన్ వైపు పైకి పెట్టండి. ఏ వైపో తెలియకపోతే తడి పెదవికి ఒక మూల ఆనించండి, అంటుకునే వైపే ఎమల్షన్. పేపర్ చుట్టుకుంటే లోపలి వైపు ఎమల్షన్ ఉంటుంది. దాని మీద బతుకమ్మ పేర్చగా మిగిలిన పూలు పరవండి. తంగేడు రేకు పల్చనిదే అయినా పసుపు రంగు నీలి కాంతిని ఆపుతుంది కాబట్టి దాని కింద పేపర్ లేతగానే మిగులుతుంది. గునుగు కంకి మెత్తన, పేపర్‌కు పూర్తిగా ఆనదు, అందుకని దాని అంచులు పొగలా వస్తాయి. చింతాకు సూదిగా వస్తుంది. మోదుగాకు మందం, ఈనెలు కావాలంటే లేత ఆకే తీసుకోవాలి.

పూలూ ఆకులూ పెడితే బొమ్మ పూలలాగే వస్తుంది, అబ్‌స్ట్రాక్ట్ కాదు కదా అంటారు. అక్కడే ఆగిపోతే అంతే. పగిలిన గాజు ముక్కలు పెట్టండి, వంపు తిరిగిన గాజు వెలుతురును ఒక గీతగా పోగుచేసి పేపర్ మీద పడేస్తుంది, నీడ నడుమ నల్లటి చార వస్తుంది. నలిపిన పాలిథిన్ కవరు పరిచి చూడండి. ముగ్గు పిండి చల్లి, సగం సమయం అయ్యాక ఊది, మళ్లీ ఎండకు పెట్టండి, ఒకే బొమ్మలో రెండు ఛాయల చుక్కలు వస్తాయి. చపాట మిర్చి గింజలు, సగ్గుబియ్యం, పత్తి పింజలు, కరీంనగర్ వెండి తీగ పని ముక్కలు, నీడ పడేది ఏదైనా సరే. అన్నింటికంటే మంచి ఫలితం ఏ వస్తువూ పెట్టకుండా వస్తుందని మా అభిప్రాయం. పేపర్‌నే మడతపెట్టి, పక్క నుంచి వచ్చే సాయంత్రపు ఎండకు నిలబెట్టి, పది నిమిషాలకోసారి ఒక మడత విప్పుతూ పోండి. ఎంతసేపు ఎండ చూసిన ముఖం అంత ముదురు. కాకపోతే పాత పేపర్ జిలేటిన్ పెళుసుగా ఉంటుంది, గోటితో నొక్కి మడిస్తే పగులుతుంది. పగులు వద్దనుకుంటే తేమగాలి ఉన్న పొద్దున మెల్లగా మడవండి.

ఎంతసేపన్నది ఎండను బట్టి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 20 నుంచి 30 నిమిషాలు సరిపోతాయి. డిసెంబరులో గంట, రెండు గంటలు పడుతుంది. మబ్బు రోజు పొద్దున పెట్టి సాయంత్రం తీయండి. రంగు పెట్టెకో తీరు. గులాబీ, ఊదా, ఇటుక, కాఫీ, పలక నీలం, ఏది వస్తుందో పెట్టె పైన రాసి ఉండదు. బ్లాక్ అండ్ వైట్ పేపర్‌కు ఈ రంగులు ఎక్కడివంటే, ఎండకు పుట్టే వెండి రేణువులు డెవలపర్‌లో పుట్టేవాటికంటే ఎంతో సన్నవి. ఆ సైజులో వెండి నల్లగా ఉండదు, సైజును బట్టి రంగు చూపిస్తుంది. పచ్చి పూల మీద అద్దం బిగిస్తే లోపల ఉడికి రసం దిగుతుంది. ఆ రసం, ఆవిరి తగిలిన చోట పసుపు, తుప్పు రంగు మరకలు వస్తాయి. కొందరికి ఆ మరకలే ముద్దు. వద్దనుకునేవాళ్లు పూలకూ పేపర్‌కూ మధ్య పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు వేయాలి. మే నెల ఎండలో ఆ షీటు లేకుండా అరగంట దాటితే రేకులు జిలేటిన్‌కు అతుక్కుపోతాయి. గీకితే పొర లేస్తుంది, నీళ్లలో నానబెట్టి వదిలించాలి.

ఎండలోంచి తీసినప్పటి రంగు చూసి మురిసిపోకండి. హైపోలో పడగానే సగం రంగు దిగిపోతుంది, ఊదా రంగు గోధుమ వైపు, గులాబీ పసుపు వైపు జారుతుంది. నలుపెక్కని హాలైడ్ అంతా కరిగిపోవడంతో పాటు సన్నని వెండిని కూడా హైపో కొంత కొరుకుతుంది. అందుకని మీకు కావలసినదానికంటే రెండు ఛాయలు ముదురయ్యేదాకా ఎండలో ఉంచాలి. హైపో కూడా పల్చగా ఉండాలి. లీటరు నీళ్లకు 100 నుంచి 150 గ్రాముల హైపో పలుకులు, ఆమ్లం ఏమీ కలపకుండా, 3 నుంచి 5 నిమిషాలు. దుకాణంలో దొరికే ఆమ్లం కలిసిన త్వరిత ఫిక్సర్ వాడితే బొమ్మ మరీ వెలిసిపోతుంది. ముందుగా నీళ్లలో రెండు నిమిషాలు తడపండి, లేకపోతే హైపో మచ్చలు మచ్చలుగా పడుతుంది. హైపోలో వేయకముందే ఒకసారి స్కానర్ మీద పెట్టి తీసుకోండి. కంటికి నచ్చిన ఆ రంగు నిలిచేది స్కాన్‌లోనే. ఫిక్స్ చేయని అసలును నల్ల కవరులో దాచినా వెలుతురు చూసిన ప్రతిసారీ కొంత ముదురుతుంది.

రెండో పద్ధతి కెమిగ్రామ్. ఇది రసాయనాలతో వేసే బొమ్మ. బెల్జియంకు చెందిన పియర్ కోర్డియే 1956 నవంబర్ 10న ఫోటో పేపర్ మీద గోళ్ల రంగుతో ఒక అంకితం రాయబోయి దీన్ని పట్టుకున్నాడు. తర్వాత జీవితమంతా దాని మీదే గడిపాడు. సూత్రం చిన్నది. వెలుతురు చూసిన పేపర్ డెవలపర్‌లో పడితే నల్లబడుతుంది. అదే పేపర్ ముందు హైపోలో పడితే తెల్లబడుతుంది, ఇక ఎప్పటికీ నల్లబడదు. పేపర్ మీద ఏదైనా అడ్డుపూత వేసి, అది నెమ్మదిగా కరిగేటప్పుడు ఒకసారి డెవలపర్‌లో, ఒకసారి హైపోలో ముంచుతూ పోతే, కొత్తగా బయటపడిన ప్రతి అంచూ వంతులవారీగా నల్ల గీత, తెల్ల గీత అవుతుంది. చెట్టు మొద్దులో వలయాల్లా, మెలికల ముగ్గులా గీత పక్కన గీత వచ్చి చేరుతుంది. చేతితో ఎవరూ గీయలేని గీతలవి.

డెవలపర్ డి-72 సూత్రంతో ఇంట్లోనే కలుపుకోవచ్చు. 50 డిగ్రీల వేడి నీళ్లు 750 మిల్లీలీటర్లు తీసుకోండి. ముందు చిటికెడు సోడియం సల్ఫైట్ వేసి, మెటాల్ 3 గ్రాములు కరిగించండి. తర్వాత మిగిలిన సల్ఫైట్ (మొత్తం 45 గ్రాములు), హైడ్రోక్వినోన్ 12 గ్రాములు, నీరు లేని సోడియం కార్బొనేట్ 67.5 గ్రాములు, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు, ఇదే వరసలో, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి. వరస తప్పి సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగదు, తెల్లటి పలుకులై తేలుతుంది. సల్ఫైట్ అసలు మరిచిపోతే ద్రావణం కాసేపటికే టీ రంగుకు వస్తుంది. చల్లని నీళ్లతో లీటరుకు నింపి, వాడేటప్పుడు ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు కలపండి. కెమిగ్రామ్ హైపోకు లీటరుకు 250 గ్రాములు. హైపో కరిగేటప్పుడు నీళ్ల వేడిని లాగేసుకుంటుంది, పాత్ర చల్లబడి కరగడం ఆగిపోతుంది, కాబట్టి గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి. ఇవన్నీ కాలేజీ ల్యాబులకు సరుకు వేసే రసాయనాల దుకాణాల్లో అడగండి. నీళ్ల సంగతి కూడా చూడాలి. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠిన జలం, కార్బొనేట్ వేయగానే తెల్లగా విరిగినట్టు అవుతాయి, ఆ సున్నం పేపర్ మీద పేరుకుంటుంది. ద్రావణాలకు క్యాన్ నీళ్లు పోసి, బోరు నీళ్లను కడగడానికి ఉంచుకోండి.

మూడు ప్లాస్టిక్ ట్రేలు వరసగా పెట్టండి: డెవలపర్, నడుమ నీళ్లు, చివర హైపో. ఇత్తడి, అల్యూమినియం, తుప్పు పట్టిన ఇనుము వద్దు. స్టీలు పర్వాలేదు, కానీ ఒకసారి ఈ పనికి వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

అడ్డుపూతల్లో మనకు దొరికేవాటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పని అంతా అక్కడే ఉంది. బెల్లం పాకం అన్నింటికంటే తేలిక. 100 గ్రాముల బెల్లం, 50 మిల్లీలీటర్ల నీళ్లు, తీగపాకం వచ్చేదాకా కాచి, వడగట్టి, పూర్తిగా చల్లార్చండి. వేడి పాకం పోస్తే జిలేటిన్ కరుగుతుంది. కుంచెతో, పుల్లతో, కోన్‌లో పోసి ముగ్గులా ఎలా వేసినా సరే. పావుగంట ఆరనిచ్చి డెవలపర్‌లో 20 సెకన్లు, నీళ్లలో 10, హైపోలో 20, మళ్లీ నీళ్లలో 10. ఇలా పాకం అంతా పోయేదాకా. ట్రేను ఊపితే కరగడం పెరిగి గీతలు దూరదూరంగా పడతాయి, ఊపకపోతే దగ్గరగా పడతాయి. బెల్లం నాలుగైదు నిమిషాల్లో పోతుంది కాబట్టి చేతులు చురుగ్గా ఉండాలి. తేనె కూడా ఇలాగే, ఇంకాస్త నెమ్మది.

మైదా జావ వేరే రకం. గంజిలా ఉడికించి పల్చగా పూసి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టి, పేపర్‌ను వెనక నుంచి మెల్లగా వంచితే పూత బీటలు వారుతుంది. ఎండిన చెరువు నేల గుర్తుందా, అచ్చం అలాగే. డెవలపర్ ఆ బీటల్లోంచి దిగి సన్నని నల్ల దారాలు అల్లుతుంది. మందంగా పూస్తే పెచ్చులుగా ఊడి ట్రేలో పడుతుంది, బొమ్మ పోతుంది.

గోళ్ల రంగు గట్టి పూత. పల్చగా ఒక్క చేయి వేసి 20 నిమిషాలు ఆరాక సూదితో గీతలు గీయండి. ద్రావణం ఆ గీతల్లోంచి పొర కిందికి చొరబడి రెండు పక్కలా లేపుతుంది. దీనికి ముంపులు ఎక్కువసేపు, నిమిషం చొప్పున, మొత్తం అరగంట పట్టవచ్చు. ఓపిక ఉన్నవాళ్లకే ఇది. ఆర్‌సీ పేపర్ మీద బాగా లేస్తుంది. మామూలు ఫైబర్ పేపర్, అంటే ప్లాస్టిక్ పూత లేనిది, వెనక నుంచి కూడా నీరు పీల్చి ఉబ్బుతుంది, అంచులు అదుపులో ఉండవు. పొర లేవకుండా మొండికేస్తే పూత మందమైందని అర్థం. కొవ్వొత్తి మైనం కరగదు, లేవదు, అందుకని వలయాలు రావు. తెల్లటి గట్టి ఆకారాలు కావాలంటే వాడండి. తర్వాత మైనాన్ని పాత పేపర్ల నడుమ ఇస్త్రీ చేసి తీస్తారు, అది ఫైబర్ పేపర్‌కే. ఆర్‌సీ మీద ఇస్త్రీ పెడితే ప్లాస్టిక్ కరిగి ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది. కొబ్బరి నూనె రాసిన అరచేతి ముద్ర అందంగా వస్తుంది, కానీ నూనె ద్రావణం మీద తేలి తర్వాతి షీటుకు మచ్చలు వేస్తుంది. న్యూస్‌పేపర్ పట్టీని ద్రావణం పైన ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే నూనె దానికి అంటుకుపోతుంది. రేపు ఈ ఉత్తరం అచ్చయిన కాగితం అందుకైనా పనికొస్తుంది.

చెడిపోయేది ఎక్కువగా నడుమ ట్రే నిర్లక్ష్యం వల్లే. హైపో కొంచెం కొంచెంగా డెవలపర్‌లోకి చేరితే నలుపు రావడం మందగించి, పసుపు, గోధుమ మరకలు మొదలవుతాయి. డెవలపర్ హైపోలోకి చేరితే ఒక కోణంలో ఎర్రగా, ఇంకో కోణంలో ఆకుపచ్చగా మెరిసే తెర కడుతుంది. నీళ్లు అయిదారు షీట్లకోసారి మార్చండి. వంటింటి వెనిగర్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి డెవలపర్ తర్వాత ముంచే స్నానంగా పెట్టుకుంటే ఇంకా మంచిది. డెవలపర్ కాఫీ రంగుకు వస్తే పారేయాల్సిందే. హైపో అయిపోయిందా లేదా చూడాలంటే 5 శాతం పొటాషియం అయొడైడ్ ద్రావణం రెండు చుక్కలు వేయండి. పసుపు తెట్టె కట్టి, కదిపినా కరగకపోతే అందులో వెండి నిండిందని లెక్క. అలాంటి హైపోలో తీసిన బొమ్మ నెలల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇంకో గండం వేడి. పుస్తకాల్లో రాసే 20 డిగ్రీలు మన దగ్గర జనవరి తెల్లవారుజామునే దొరుకుతుంది. వేసవిలో ట్యాంకు నీళ్లు 35 దాటితే జిలేటిన్ ఉబ్బి, అంచుల దగ్గర కుచ్చెళ్లు పడి, పొర జారిపోతుంది. ట్రేను ఐసు ముక్కలు వేసిన వెడల్పు తొట్టిలో ఉంచండి, ఐసు డెవలపర్‌లో వేయకండి. లేదా వేసవిని లూమెన్‌కు, చలికాలాన్ని కెమిగ్రామ్‌కు పంచేసుకోండి. మా సలహా ఇదే.

చివరి ముంపు ఎప్పుడూ కొత్త హైపోలో ఉండాలి. కెమిగ్రామ్‌కు అయిదేసి నిమిషాల చొప్పున రెండు ట్రేలు, లూమెన్‌కు మీద చెప్పినంతే. తర్వాత కడుగుడు: ఆర్‌సీకి పారే నీళ్లలో 5 నిమిషాలు, ఫైబర్‌కు గంట. నీళ్లు పొదుపు చేయాలంటే ఫైబర్ పేపర్‌ను 2 శాతం సోడియం సల్ఫైట్ ద్రావణంలో 10 నిమిషాలు ఉంచితే కడుగుడు సమయం సగానికి తగ్గుతుంది. ఆరబెట్టడానికి దోమతెర గుడ్డ మీద బోర్లా వేయండి.

ఇక ఎవరూ పట్టించుకోని విషయం. వాడిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది, అది నీళ్లలోని జీవాలకు విషం. మోరీలో పోస్తే చివరికి ఏ చెరువులోకో చేరుతుంది. బకెట్‌లో పోసి, అందులో అసలు ఇనుప పీచు వేసి మూడు రోజులు వదిలేయండి. ఇనుము కరిగి, వెండి నల్లటి బురదగా అడుగున దిగుతుంది. గిన్నెలు తోమే మెరుపు పీచు స్టెయిన్‌లెస్ స్టీలు, అది పనిచేయదు. బురదను వడగట్టి దాచండి. వెండి తీసేవాళ్లకు ఇవ్వాల్సింది ఇది, పేపర్ పెట్టె కాదు.

పిల్లలతో చేయిస్తే లూమెన్ వరకే, హైపో పని పెద్దలు చూసుకోవాలి. హైపో పలుకులు అచ్చం కలకండలా ఉంటాయి, వంటింటి డబ్బాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో పోయకండి, పేరు రాసి పెట్టండి. మెటాల్ కొందరి చేతులకు దద్దుర్లు తెస్తుంది, తొడుగులు వేసుకుని చిమటాలు వాడండి. గోళ్ల రంగు, థిన్నర్ వాసన ఉండే గదిలో కిటికీలు తెరిచి ఉండాలి.

పాడైన పేపర్ మీద మరకలు వేసి కళ అంటారా అని అడిగేవాళ్లు ఉంటారు. అమెరికాలో ఆలిసన్ రోసిటర్ 2007 నుంచి చేస్తున్న పని మరకలు వేయడం కూడా కాదు. దశాబ్దాల కిందటి పేపర్ పెట్టెలు కొని, చీకట్లో తెరిచి, డెవలపర్ పోస్తారు, అంతే. తేమ, బూజు, ఎప్పుడో ఎవరిదో వేలిముద్ర, పెట్టె మూల నుంచి చొరబడిన వెలుతురు, ఇవన్నీ కొండలుగా, దిగంతాలుగా తేలతాయి. ఆ బొమ్మ గీసింది కాలమే. మన అటకల మీది పెట్టెల్లో మన ఎండలు, మన వానలు అలాగే అచ్చయి ఉన్నాయి. పరీక్షలో అంచులు మాత్రమే నల్లబడిన పెట్టె దొరికితే దాన్ని ఎండకు పెట్టకండి, ఈ పద్ధతికి దాచండి.

స్టూడియోల వాళ్లకు మా విన్నపం ఒకటే. పెట్టె తూకానికి వేసే ముందు రెండు పట్టీల పరీక్ష చేయండి. ఆ పట్టీలను పెట్టె మూతకు అతికించి, పేపర్ పేరు, సైజు, గ్రేడు (కాంట్రాస్టు ఎంతో చెప్పే నంబరు), ఆర్‌సీయా ఫైబరా రాయండి. మీ ఊరి బడిలో డ్రాయింగ్ టీచర్‌కు గానీ, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలకు గానీ ఇవ్వండి. తీసుకునేవాళ్లు నల్ల కవరు నోరు రెండు మడతలు పెట్టి క్లిప్పు బిగించి, పెట్టెను ఇంట్లో నేలకు దగ్గరగా, పొడి చోట ఉంచాలి. మళ్లీ అటక మీద మాత్రం పెట్టొద్దు.

ఇట్లు,
ఫోటోలు కడిగే పని తెలిసిన కొందరం,
హన్మకొండ